టోంగా మేనత్త మాట

పదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి ఒక సౌకర్యం ఉంటుంది. ఏం చదవాలో, ఏం చదవకూడదో చెప్పేవాళ్ళు ఉండరు. కడప జిల్లాలో మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేను అలాగే చదివాను. అలమరలో చేతికి ఏది తగిలితే అది. తేనెటీగల పెంపకం, రష్యా చరిత్ర, గుండె జబ్బులు, భూకంపాలు. ఏదీ పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఏ విషయం వచ్చినా రెండు ముక్కలు మాట్లాడగలిగే స్థితికి చేరుకున్నాను. మనిషి చెడిపోవడానికి ఆ రెండు ముక్కలు చాలు.

ఖతార్‌లో నేను ఒక ప్రైవేటు బడికి వ్యాన్ డ్రైవర్‌ని. అల్ ఘర్రాఫా విల్లాల్లో ఉండే టీచర్లను పొద్దున బడిలో దించాలి, మధ్యాహ్నం మళ్ళీ ఇళ్ళకు చేర్చాలి. మా రూము ముఐథర్‌లో. శుక్రవారం రూములో అందరూ దుప్పటి ముసుగేసి పడుకుంటే నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కొని దోహాలోని పెద్ద గ్రంథాలయానికి బయలుదేరేవాణ్ణి. ఏసీ కోసం పోతాడని వెనక నవ్వుకునేవారు. అందులో సగం నిజం. ఆ సగాన్ని నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

బడికి కొత్తగా వచ్చిన రగ్బీ కోచ్ మొదటిరోజు నా పక్క సీట్లో కూర్చోగానే వ్యాన్ ఆ వైపుకు ఒరిగింది. మనిషి అంత భారీ. నున్నటి గుండు, చెవులు రెండూ పిండి ముద్దల్లా నలిగిపోయి ఉన్నాయి. ఏ దేశం అని అడిగితే టోంగా అన్నాడు.

"ఆఫ్రికాలో ఏ వైపు?" అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వి, "కొంచెం అవతల, బ్రదర్" అన్నాడు. ఆ "కొంచెం" పసిఫిక్ మహాసముద్రం నడుమ దాకా పోతుందని శుక్రవారం గ్రంథాలయంలో తెలిసింది. శనివారమంతా సిగ్గుతో గడిపి, ఆదివారం ఉదయం ఆయన వ్యాన్ ఎక్కీ ఎక్కకముందే టోంగా గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. చిన్న చిన్న దీవులు, రాజు, తిమింగలాలు, చామదుంపలు, నడుముకు చాప చుట్టుకోవడం. బడి గేటు వచ్చేదాకా ఆపలేదు. ఆయన ఓపిగ్గా విని, "మా దేశం గురించి నాకు తెలియనివి చాలా చెప్పావు" అన్నాడు. దాన్ని నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను. చాలాకాలం అలాగే దాచుకున్నాను కూడా.

తర్వాత ఆయన కథ ఆయనే, రోజుకు కొంత చొప్పున, ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర చెప్పాడు. చిన్నప్పుడే ఆట చూసి న్యూజిలాండ్‌లోని ఒక బడి తీసుకుపోయిందట. చలికి ఏడ్చాడట. ఆ తర్వాత ఫ్రాన్సులో ఒక చిన్న ఊరి జట్టు, జపాన్‌లో ఒక కంపెనీ జట్టు, ఈ రెంటి నడుమ పిలుపు వచ్చినప్పుడల్లా టోంగా ఎర్ర చొక్కా. ఆయన ఆడే స్థానం పేరు ప్రాప్. నేను ఆ మాట పుస్తకంలో వెతికి పట్టుకొని సంబరపడ్డాను. రగ్బీలో ఇరువైపులా ఎనిమిదేసి మంది భుజాలు కలిపి, తలలు దూర్చి ఎదురెదురుగా తోసుకుంటారు. దాన్ని స్క్రమ్ అంటారు. అందులో ముందు వరుసలో, అంచున నిలబడి బరువంతా మోసేవాడు ప్రాప్. పందిరికి గుంజ లాంటివాడు.

ఆయన చివరి మ్యాచ్‌లో ఆ గుంజ విరిగింది. కుడి భుజం విరిగి, స్ట్రెచర్ మీద మైదానం దాటాడు. ఆపరేషన్ అయింది. జాతీయ జట్టు నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం చూసుకొని ఖతార్‌కి వచ్చాడు.

వేసవి సెలవుల్లో, పిల్లల ఆటల శిబిరానికి పోతూ, ఒకరోజు వ్యాన్‌లో కూర్చొని డోర్ వెయ్యడం మరిచిపోయాడు. చేతిలో ఫోన్ ఉంది. టోంగా జట్టులో ఇద్దరు ప్రాప్‌లు దెబ్బలతో మంచం పట్టారట. విదేశీ క్లబ్బులు ఇంకొకరిని వదలడం లేదట. జట్టు పెద్ద కోచ్‌కు ఈయన గుర్తొచ్చాడు. వచ్చే నెల సొంత గడ్డ మీద ఒక మ్యాచ్ ఉంది. కానీ ఆ భుజం పనికొస్తుందో లేదో నమ్మకం లేదు. ఎదుట మనుషులు తోస్తుండగా వీడియో తీసి పంపు, చూసి చెబుతాను అన్నాడట.

"ఇక్కడి క్లబ్బు వాళ్ళంతా ఎండలకు చల్లని దేశాలకు పోయారు. ఎవరితో తోయను?" అన్నాడు.

అప్పుడు నేను నోరు మూసుకొని బండి నడిపి ఉండాల్సింది. "మనుషులే కదా, నేను తెస్తాను" అన్నాను. రగ్బీ నియమాల పుస్తకం అప్పటికి రెండోసారి చదువుతున్నాను మరి.

ఆ గురువారం సాయంత్రం కోచ్‌ను మా రూముకు భోజనానికి పిలిచాను. ఆయన దేశపు ఆహారం అని పుస్తకం చూసి చామదుంపల పులుసు పెట్టాను. మా రూములో నేను తప్ప మిగతా వాళ్ళంతా జగిత్యాల వైపు వాళ్ళు, కట్టడం పనుల్లో ఉన్నారు. వాళ్ళలో పెద్దవాణ్ణి అందరం అన్నా అనే పిలుస్తాం. ఊళ్ళో ఉన్నప్పుడు కబడ్డీలో పేరు మోసినవాడు. కోచ్ తలుపులో నుంచి పక్కకు తిరిగి లోపలికి రావడం చూసి అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"గీయన మనిషా, జేసీబీనా తమ్మీ?"

"టోంగా జాతీయ జట్టు ఆటగాడు అన్నా. గౌరవంగా మాట్లాడు."

"గోల్ కొడతడా?"

"కొట్టడు."

"జోరుగ ఉరుకుతడా?"

"పెద్దగా ఉరకడు."

"మరేం జేస్తడు?"

"తోస్తాడు."

"గింతేనా? గీ తోసుటానికి దేశాలన్నీ ఇమానంల తిప్పిండ్రా? నేను పదేండ్ల సంది గీడ సిమెంటు ట్రాలీ తోస్తున్న. నన్నెవడు పిలువకపాయె!"

రూమంతా నవ్వులు. ఏమన్నారని కోచ్ అడిగితే, మీ ఆటను మెచ్చుకుంటున్నారని చెప్పాను. చామదుంపలు ఆయన రెండు ముక్కలు తిని, తర్వాత కోడికూర గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. తమ దగ్గర దుంపను పులుసు పెట్టరట. నేను వంటల అధ్యాయం దాకా పోలేదు.

భోజనం మధ్యలో మ్యాచ్, వీడియో, తోసే మనుషుల సంగతి రూములో చెప్పాను. ఈ ఒక్క మ్యాచ్ కోసం ఇంత తాపత్రయం ఎందుకని అన్న అడగమన్నాడు. అడిగాను. కోచ్ చేతులు తుడుచుకొని చెప్పాడు. వాళ్ళ నాన్నకు అక్క ఒకామె ఉంది. తల్లిదండ్రుల మాటైనా తోసెయ్యవచ్చు గానీ ఆమె మాట ఎవరూ కాదనడానికి లేదు. భుజం విరిగిన రోజు ఆమె మైదానంలోనే ఉంది. ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన నిలబడి ఒకే మాట అన్నదట. మా ఇంటివాడు మైదానంలోకి తన కాళ్ళతో పోయాడు, తన కాళ్ళతోనే బయటికి రావాలి, నలుగురు మోసుకొస్తే అది ఆట ముగించినట్టు కాదు. ఇప్పుడామె బాగా పెద్దదైపోయింది. చూపు కూడా తగ్గుతోంది. ఆమె చూస్తుండగా ఒక్కసారి నడిచి బయటికి రావాలి. అంతకు మించి తనకేమీ వద్దు.

అదంతా తెలుగులో చెప్పి, దాని మీద వ్యాఖ్యానానికి నేను గొంతు సవరించుకుంటుండగానే అన్న అడ్డం వచ్చాడు. "నాయిన అక్క అంటే మేనత్త గదా. గిండ్ల సమజ్ గానిదేమున్నది? మేనత్త చెప్పినంక అయిపాయె. ఎప్పుడు తొయ్యాలె, ఎక్కడ తొయ్యాలె, అడుగు."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. రూములో ఇంకొకడు, "మేనత్తకు బిడ్డ ఉన్నదా? ఈయనకే ఇచ్చి చేసిండ్రా?" అన్నాడు. ఇదేదో మానవశాస్త్ర పరిశోధనలా తోచింది నాకు. రెండు దేశాల బంధుత్వాలను కలిపే అవకాశం ఒక డ్రైవర్‌కు ఎన్నిసార్లు వస్తుంది? నా దగ్గరున్న మంచి ఇంగ్లీషంతా పోగుచేసి, "మా వైపు మేనత్త కూతురి మీద మేనల్లుడికి మొదటి హక్కు ఉంటుంది. మీ శ్రీమతి ఆ అత్తగారి పెద్దమ్మాయా, చిన్నమ్మాయా?" అని అడిగాను.

కోచ్ నోటి దాకా పోయిన కోడి ముక్క ఆగిపోయింది. అంత పెద్ద మనిషి భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. మేనత్త కూతురంటే తనకు తోబుట్టువట. ఆమె టీవీ చూస్తున్న గదిలోకి తాను అడుగు కూడా పెట్టడట. గౌరవం. అలాంటిది పెళ్ళా?

"ఏమన్నడు తమ్మీ?"

"చెల్లెలంట అన్నా."

"అత్త బిడ్డ చెల్లె ఎట్లయితది?"

"అక్కడ అంతే."

"మరి నీ పుస్తకంల రాయలేదా?"

రాసే ఉంటారు. ఆ అధ్యాయాన్ని నేను వచ్చే శుక్రవారానికి పెట్టుకున్నాను. కోచ్ కొంతసేపు మమ్మల్ని వింతగా చూసి, చివరికి కడుపు కదిలేలా నవ్వాడు. మంచం కిర్రుమంది.

మరుసటి తెల్లవారి అల్ షహానియాకు బయలుదేరాం. అక్కడ ఒంటెల ఫారంలో మా జిల్లా మామ ఒకాయన పనిచేస్తాడు. ఫారం వెనక ఇసుక నేల, ఎవరూ రారు. మమ్మల్ని చూసి మామ, "ఏమప్పా, ఇంతమంది వచ్చినారు? ఒంటె ఏమన్నా ఈనిందనుకున్నారా?" అన్నాడు. విషయం చెప్పగానే తలగుడ్డ బిగించి తానూ వరుసలో నిలబడ్డాడు. ఆయనతో కలిపి ఐదుగురు ఒకవైపు. ఎదురుగా కోచ్ ఒక్కడే. ఫోన్‌ను ఫారం వాళ్ళ పికప్ బండి బానెట్ మీద నీళ్ళ సీసాకు ఆనించి పెట్టాం.

నేను తోయలేదు. నేను రెఫరీని. స్క్రమ్‌కు ముందు రెఫరీ మూడు ఆజ్ఞలు ఇవ్వాలని పుస్తకంలో ఉంది. వాటిని ముందురోజే పుస్తకాల తెలుగులోకి మార్చి పెట్టుకున్నాను. పక్కన నిలబడి, చెయ్యెత్తి, గంభీరంగా, "అవనతులు కండి! పరస్పరం బంధించుకొనుడు! సన్నద్ధులై..." అన్నాను.

అన్న వంగినవాడు వంగినట్టే తల తిప్పి, "తమ్మీ, గిది ఆటనా, హరికథనా? తోయుమను, చాలు" అన్నాడు.

"తోయండి" అన్నాను.

మొదటిసారి ఐదుగురూ కలిసి వెనక్కి పడ్డారు. మామ తలగుడ్డ ఒంటెల కంచె దాకా పోయింది. రెండోసారీ అంతే. లారీ రివర్సులో వచ్చి గుద్దినట్టుందని అన్నారు. మూడోసారి అన్న చెప్పులు విడిచాడు. మిగతావాళ్ళూ విడిచారు. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్టు మోకాళ్ళు వంచి, మడమలు ఇసుకలో దిగేసి, ఒకరి నడుము ఒకరు చుట్టుకొని కిందికి దిగారు. ఈసారి లారీ ఆగింది. కోచ్ మెడ నరాలు తాళ్ళలా లేచాయి. గొంతులోంచి "ఊఁ..." అని ఒక మూలుగు మొదలై సాగుతూనే ఉంది. ఇటు కదలదు, అటు కదలదు. వీడియో తిరుగుతోంది. నేను ఆనందంతో గెంతుతున్నాను.

ఊపిరి తీసుకోవడానికి కోచ్ మూలుగు ఆపాడు.

"ఔట్!" అని అరిచాడు అన్న. ఐదుగురూ ఒక్కసారిగా చేతులు విడిచి పక్కకు తప్పుకున్నారు.

ఎదుట ఏమీ లేని ఆ భారమంతా ముందుకు పోయింది. కోచ్ కుడి భుజం మీద పడ్డాడు. ఏ భుజమైతే విరిగిందో ఆ భుజం మీదే. ఇసుక లేచింది. ఒంటెలు కూడా నమలడం ఆపినట్టు అనిపించింది. నాకు ఆయన కనిపించలేదు. ఎన్నడూ చూడని ఒక ముసలామె ఆస్పత్రి మంచం పక్కన నిలబడి నా వైపు వేలు చూపిస్తున్నట్టు కనిపించింది.

కోచ్ పొర్లాడు. మోకాళ్ళ మీద లేచి, నోట్లో ఇసుక ఉమ్మి, నిలబడ్డాడు. "ఎందుకు వదిలారు?" అని మాత్రం అడిగాడు.

"కూత ఆగిపాయె గదా! ఆగినంక గూడ పట్టుకుంటే తొండి అయితది. మేం గసుంటోళ్ళం గాదు" అన్నాడు అన్న, నిజాయితీ నిండిన ముఖంతో.

నేను నియమాల పుస్తకం రెండుసార్లు చదివిన మనిషిని. తోయమని చెప్పాను, వంగమని చెప్పాను. వదలకూడదని చెప్పలేదు. పుస్తకంలో ఆ మాట లేదు. కూత ఆగినవాణ్ణి వదిలెయ్యాలనుకునే వాళ్ళు ఆటకు వస్తారని ఆ పుస్తకం రాసినవాళ్ళకు తోచి ఉండదు.

మళ్ళీ తీద్దామంటే ఫోన్ వేడెక్కి తనంతట తానే ఆగిపోయింది. ఎండ పైకి వచ్చేసింది. మామ ఒంటెలకు నీళ్ళు పెట్టాలన్నాడు. ఉన్న వీడియో అదొక్కటే. తిరుగు ప్రయాణంలో కోచ్ ముఐథర్ దాకా కుడిచేతిని తిప్పుతూనే ఉన్నాడు, ముందుకు, వెనక్కి, పైకి. నొప్పా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి ఆయనే అన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆ భుజం మీద ఇంతవరకు పడలేదట. పడనివ్వలేదట. నిద్రలో కూడా అటు తిరగడట.

వీడియో పంపాడు. జవాబు వచ్చేదాకా నేను అన్నం సరిగా తినలేదు, గ్రంథాలయానికీ పోలేదు. పోతే ఏ పుస్తకం మొహం చూడాలి? రెండు రోజుల తర్వాత కోచ్ వ్యాన్ ఎక్కి ఫోన్ నా ముందు పెట్టాడు. పెద్ద కోచ్ రాసినదాని సారం ఇది. నువ్వు తోయడం చూస్తే నాకేమీ తేలలేదు, ఎదుట ఉన్నవాళ్ళు మరీ తేలిక. కానీ ఆ భుజం మీద పడ్డావు, చెయ్యి ఊతంగా పెట్టి లేచావు. నాకు కావలసింది అదే. బయలుదేరి రా. ఇంతకీ పక్కన చెయ్యెత్తి గెంతుతున్న ఆ మనిషి ఎవరు?

ఆ చివరి ప్రశ్నను చాలామందికి చూపించుకున్నాను. జాతీయ కోచ్ నా గురించి వాకబు చేశాడని చెప్పాను. ఎలా వాకబు చేశాడో చెప్పలేదు.

మ్యాచ్ రోజున అక్కడ మధ్యాహ్నం, మాకు తెల్లవారుజాము. డ్యూటీ బస్సు రాకముందు అందరం ఒక ఫోన్ చుట్టూ చేరాం. ఎర్ర చొక్కాల వాళ్ళు మొదట యుద్ధ నృత్యం చేశారు. తొడలు చరిచారు, కేకలు వేశారు. దాని చరిత్ర చెప్పడానికి నేను ముందే సిద్ధమై వచ్చాను. చెబుతూ ఉండగానే సగం ఆట అయిపోయింది. మన కోచ్ బెంచీ మీద ఉన్నాడు. ఆఖరి నిమిషాల్లో లోపలికి పంపారు. వెంటనే స్క్రమ్ పడింది.

"మనాయన ఎవలు తమ్మీ?"

స్క్రమ్‌లో మనిషి ముఖం కనిపించదు. పిరుదులు, ఒకటీ అరా నడినెత్తి తప్ప ఏమీ కనిపించవు. అయినా చదువుకున్నవాడు తెలియదని ఎలా అంటాడు? "అదిగో, ఎడమ అంచున, బట్టతల" అన్నాను. అందరూ ఆ బట్టతలను ప్రోత్సహించారు. తొయ్యన్నా తొయ్యి అని మంచాలు చరిచారు. స్క్రమ్ కూలింది, లేచింది, మళ్ళీ కలిసింది. ఈల మోగి అందరూ విడిపోయాక, కుడి అంచు నుంచి నలిగిన చెవులతో మన కోచ్ లేచి నిలబడ్డాడు. ఆ బట్టతల ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. బాగానే తోశాడు.

ఆట ముగిసింది. టోంగా ఓడిందని తర్వాత ఎవరో చెప్పారు, మేము గమనించలేదు. ఇద్దరు ఆటగాళ్ళు వెనక నుంచి వచ్చి మన కోచ్‌ను భుజాలకెత్తుకున్నారు. జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. ఆయన మాత్రం కాళ్ళు ఆడిస్తూ, వాళ్ళ తలల మీద కొడుతూ గింజుకుంటున్నాడు.

"ఇది అక్కడి ఆచారం," అని మొదలుపెట్టాను నేను. "గొప్ప ఆటగాడికి వీడ్కోలు చెప్పేటప్పుడు ఆయన వినయంతో వద్దన్నట్టు నటించాలి..."

వాక్యం పూర్తి కాలేదు. రూములో అందరికీ ఒకేసారి తట్టింది, నాక్కూడా, నోరు తెరిచి ఉండగానే. నలుగురు మోసుకొస్తే అది ముగించినట్టు కాదు. ఇక జగిత్యాల, కడప అన్న తేడా లేకుండా ఫోన్ మీద పడి అరిచాం.

"దింపుండ్రా ఆయన్ని! అత్త సూస్తున్నది!"

"దించండప్పా, కాళ్ళు నేలకు ఆననియ్యండి!"

పక్క రూము వాళ్ళు గోడ కొట్టారు. అక్కడ ఆయన ఏం చెప్పాడో గాని ఆ ఇద్దరూ ఉలిక్కిపడి కిందికి దించారు. కోచ్ నడిచాడు. ఒక భుజం దిగి ఉంది, నడక కొంచెం పక్కకు పోతోంది, కానీ ఎవరినీ తాకనివ్వలేదు. గీత దాటి, గొడుగు కింద నడుముకు చాప చుట్టుకొని కూర్చున్న ఒక ముసలామె ముందుకు పోయి వంగాడు. ఆమె లేవలేదు. ఆయన చొక్కా పట్టుకొని దగ్గరికి లాక్కొని ఏదో అన్నది. అన్న తువ్వాలుతో ముఖమంతా తుడుచుకొని, ఏసీ పనిచేస్తలేదని తిట్టాడు. ఏసీ బాగానే పనిచేస్తోంది.

ఆమె ఏమని ఉంటుందన్నదాని మీద నేను ఆ సెలవులన్నీ ఆలోచించాను. పుస్తకాల్లో మేనత్తల ఆశీర్వాదాల గురించి దొరికినదంతా చదివాను. బడి తెరిచాక కోచ్ వ్యాన్ ఎక్కగానే అదే అడిగాను.

"చొక్కా లోపలికి దోపుకొమ్మంది" అన్నాడాయన.